కొంగు కింద బేరం

ధర చెప్పగానే సగానికి అడగడం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పరు. ఉగ్గుతోపాటు వస్తుంది. గాజులమ్మే ఆమె మా గడప తొక్కే ముందు ఒకసారి నిట్టూర్చి మరీ తొక్కేది. కూరగాయల గంప దించిన ముసలామె "నీకు అమ్ముడు కన్న ఊకెనే ఇచ్చిపోవుడు నయం బిడ్డా" అనేది. నేను దాన్ని మెప్పు కింద జమ చేసుకునేదాన్ని. అందుకే పట్నంలో పెద్ద దవాఖాన వరండాలో నిలబడినప్పుడు కూడా నా నోరు తన అలవాటు తాను మానలేదు.

నా బిడ్డకప్పుడు ఐదేళ్లు. పొద్దున లేస్తూనే తలనొప్పి అని ఏడ్చేది, కక్కుకునేది, మధ్యాహ్నానికి మామూలుగా ఆడుకునేది. దిష్టి అన్నారు, కడుపులో పురుగులన్నారు. ఆముదం తాగించాం. ఆముదాల వ్యాపారం చేసే ఇంటి ఆడపడుచును కనుక దానికి కొదవ లేదు. తర్వాత నడక చెడింది. కాళ్లు ఎడంగా వేసి, కల్లు దుకాణం నుంచి వస్తున్న మనిషిలా తూలుతూ, గోడ పట్టుకుని నడిచేది. ఏది చూడాలన్నా తల ఒక పక్కకు వంచేది. అత్తవారి ఊరు హయత్‌నగర్. అక్కడి నుంచి బస్సెక్కించి పట్నం తీసుకుపోయాం. యుద్ధం నడుస్తున్న రోజులవి. విలాయత్‌లో చదువుకొచ్చిన డాక్టరు పిల్లను నడిపించి చూశాడు, కళ్లలోకి దీపం వేసి చూశాడు. తలలో, వెనక వైపున, గడ్డ ఉందన్నాడు. తెరిచి తీయాలన్నాడు.

"బతుకుతదా సాబ్?" మా ఆయన అడిగాడు.

"ఎనిమిదణాల ఆశ ఉన్నది."

రూపాయిలో సగం. వినీ వినగానే నేను అన్నాను: "పన్నెండణాలు చెయ్యరాదా సాబ్?"

అన్న తర్వాతగానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మా ఆయన తల దించుకున్నాడు. డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. "నా చేతుల ఉన్నది ఎనిమిదే అమ్మా. తతిమ్మాది పిల్ల దగ్గర ఉంటది," అన్నాడు.

తల తెరిచి చూస్తే గడ్డ నీళ్ల తిత్తిలో పొదిగినట్టు ఉందట, మొత్తం వచ్చిందట. తెలివి వచ్చిన రోజు బిడ్డ కళ్లు తెరిచి "అమ్మా, దూప" అంది. చెంచాతో పెదవులు తడిపాను. గెలిచాం అనుకున్నాను. మర్నాటి నుంచి మాట ఆగిపోయింది. నీళ్లు కావాలన్నా అడగదు, నొప్పి ఉన్నా చెప్పదు, పిలిస్తే చూడదు. ఇట్లా కొందరు పిల్లలకు అవుతుందని, తిరిగి రావచ్చని డాక్టరు చెప్పాడు. ఎప్పుడని అడగబోయాను. చెయ్యెత్తి ఆపాడు. "దీనికి మాత్రం బేరం లేదు."

దవాఖాన నుంచి నేరుగా ఇబ్రహీంపట్నం, మా బాపు ఇంటికే వచ్చాం. ముందు దుకాణం, వెనక ఇల్లు. బిడ్డ మెడ నిలవడం లేదు, కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేది. దిండ్లు పెట్టాం, జారిపోయాయి. ఉపాయం బాపుదే. ఆముదాల గోనెసంచి ఒకటి సగం ఖాళీ చేయించి, గోడకు చేర్చి, మధ్యలో పిడికిలితో గుంట చేసి అందులో కూర్చోబెట్టాడు. ఆముదాలు నున్నటి గింజలు కదా, పిల్ల ఎటు ఒరిగితే అటు సర్దుకుని ఆపేవి. దుకాణం గద్దె పక్కనే ఆమె చోటు. తలకు తెల్ల పట్టీ. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు చూసి అయ్యో అని నాలుక చప్పరించేవారు.

నాకు సాయంగా మా అత్తమ్మ హయత్‌నగర్ నుంచి వచ్చి ఉంది. పనిమంతురాలు. మాటమంతురాలు అంతకన్నా ఎక్కువ. వారం చూసిందో లేదో, ఒక సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని మెల్లగా అంది: "పానం ఇచ్చిండు దేవుడు, పిల్లనియ్యలే. దుకాణం తెరిచే ఉన్నది గని లోపట సరుకు లేదు కోడలా. నువ్వు తెలివిగల్లదానివి, తెల్సుకో."

ఆమెను తిట్టుకోలేదు. నాకు రాత్రీ పగలూ అదే భయం. ఆమె దాన్ని మా దుకాణం భాషలో చెప్పింది, అంతే.

ఇక్కడ బాపు వ్యాపారం గురించి ఒక ముక్క చెప్పాలి. మా బజార్లో ఆముదాల బేరం నోటితో చేసేవారు కాదు. మొదటి ధర అందరికీ తెలిసిందే. దాని మీద ఎన్ని అణాలు కలుపుతావన్నదే అసలు మాట. ఆ మాట పక్కవాడి చెవిన పడితే వాడూ అదే అడుగుతాడు. అందుకని అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద ఒక తువ్వాల కప్పుకుంటారు. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. మూడు వేళ్లు పట్టుకుంటే మూడణాలు. ఒప్పుకుంటే అరచెయ్యి మొత్తం పట్టి నొక్కుతారు. పైకి మాత్రం వానల గురించి, ఎడ్ల గురించి మాట్లాడుతుంటారు. ధర మరీ అవమానంగా ఉంటే చెయ్యి బయటికి లాక్కుని మొహం పక్కకు తిప్పుతారు. దాని తర్వాత బతిమాలాల్సిందే.

ఆడపిల్లకు ఈ విద్య ఎందుకని ఎవరూ నాకు నేర్పలేదు. నేర్పని విద్య కనుక త్వరగా వచ్చింది. నా బిడ్డ కూడా అంతే. జబ్బు పడక ముందు ఇక్కడికి వచ్చినప్పుడల్లా తాత ఒళ్లో కూర్చుని తువ్వాల కింద చెయ్యి దూర్చేది. బాపు పుట్నాలకు బేరం పెట్టేవాడు. ఐదు పట్టుకుంటే ఐదు పుట్నాలు.

ఆ సాయంత్రం చలిగా ఉంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని తైదల జావ తాగిస్తున్నాను. చేతులు చల్లగా ఉన్నాయని కొంగు కప్పాను. రెండు చెంచాలకే పళ్లు బిగబట్టింది. తాగు తల్లీ, తాగు బంగారూ అని అని నా నోరు నొప్పెట్టింది. అనడం మానేశాను. కొంగు కింద ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఏమనుకున్నానో తెలియదు, ఆమె వేళ్లు నాలుగు పట్టుకున్నాను. ఇంకో నాలుగు చెంచాలు.

కొంచెం సేపటికి ఆ చిన్న వేళ్లు నా చేతి మీద పాకాయి. నా వేళ్లలో రెండింటిని పట్టుకున్నాయి.

నేను మూడన్నాను. అంత భయంలో కూడా ఒకటి పెంచి చూశానంటే నా బుద్ధి ఎట్లాంటిదో చూడండి. ఆమె రెండే పట్టుకుంది. సరే అని అరచెయ్యి నొక్కాను. నోరు తెరిచింది. రెండు చెంచాలు తాగి మళ్లీ మూసుకుంది.

జావ గిన్నె అక్కడే వదిలి దుకాణంలోకి ఉరికాను. బాపు లెక్క చూసుకుంటున్నాడు. విని, లేచి చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాల దులిపి వచ్చి కూర్చున్నాడు, పెద్ద బేరానికి కూర్చున్నట్టు. మనవరాలి చెయ్యి తీసుకుని పైన తువ్వాల కప్పాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. చాలాసేపయ్యాక తువ్వాల తీసేశాడు. బిడ్డ చెయ్యి గాలికి ఆకులా వణుకుతోంది.

"ఒకపారి ఒకటి, ఒకపారి ఐదు. వణుకు బిడ్డా గది," అన్నాడు.

"రెండు పట్టుకున్నది బాపూ. రెండే తాగింది."

"నువ్వు ఆశపడ్డవ్. ఆశపడ్డోడు బేరం జెయ్యొద్దు."

ఆయన మాట కాదనలేకపోయాను. నమూనా గింజలు గుప్పెట్లో పోస్తే, కొనాలని తొందరపడేవాడికి తాలు గింజలు కనబడవని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. తర్వాత రోజూ జావ దగ్గర అడిగి చూశాను. ఒక్కోసారి రెండు స్పష్టంగా రెండే. ఒక్కోసారి నా చేతిలో ఒట్టి వణుకు. సరుకు లోపల ఉందో లేదో చెప్పడానికి అది చాలదు. వణుకు చేయలేని పని ఏదో ఆమెతో చేయించాలి.

అప్పుడు నాలోని వ్యాపారి లేచింది. ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది బెల్లం. అత్తమ్మను పిలిచి కూర్చోమన్నాను, సాక్షిగా. కందిగింజంత బెల్లం ముక్క తుంచి బిడ్డ కళ్ల ముందు పెట్టాను. కొంగు కింద ఆమె వేళ్లు ఐదూ పట్టుకున్నాను. ఇంత బెల్లానికి ఐదు చెంచాల జావ! మా బజార్లో అంత అన్యాయపు ధర ఎవరూ పెట్టి ఉండరు.

బిడ్డ బెల్లం వైపు చూసింది. నా వేళ్లు పట్టుకోలేదు. చెయ్యి మెల్లగా, వణుకుతూ, కొంగు కింది నుంచి బయటికి లాక్కుంది. తెచ్చి తన ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, నిలవని ఆ మెడను కష్టపడి తిప్పి, మొహం గోడ వైపు పెట్టింది.

"ఓయమ్మో!" అత్తమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "పోరికి కోపమొచ్చిందే! లోపట సరుకున్నది! ఓ వదినె కొడుకా, ఓ అన్నా, జర ఇటు రాండ్రి!" మా బాపును ఏ వరసన పిలవాలో కూడా మరిచిపోయింది.

బాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గోడకేసి తిరిగిన మనవరాలిని చూశాడు, నా చేతిలో కందిగింజంత బెల్లం చూశాడు. "బేరం చెడగొట్టినవా?" అన్నాడు. "పో, పెద్ద ముక్క తే. బతిమాలు."

బతిమాలాను. అంత సంతోషంగా నేను ఓడిపోయిన బేరం ఇంకొకటి లేదు.

అప్పటి నుంచి ఇల్లంతా వేళ్ల మీదే నడిచింది. నీళ్లు ఎన్ని చెంబులు పోసుకుంటావు, ఎంతసేపు నిలబడతావు, అన్నిటికీ కొంగు కింద చెయ్యి. అందరికన్నా ఎక్కువ ఆడింది మా అత్తమ్మ, అందరికన్నా ఎక్కువ ఓడిందీ ఆమే. "ఈ పోరి నన్ను నిలువునా దోస్తున్నది" అని వీధిలో గొప్పగా చెప్పుకునేది. కాళ్లకు బలం వచ్చాక బాపు దుకాణంలో సంచులన్నీ గద్దె నుంచి లోపలి గుమ్మం దాకా వరుసగా పేర్పించాడు. బిడ్డ వాటి మీద చెయ్యి ఆనించి, కాళ్లు ఎడంగా వేసుకుని, పడవ నడిపినట్టు నడిచేది. కొన్నాళ్లకు బాపు సంచికీ సంచికీ మధ్య జానెడు సందు వదిలాడు. ఆ తర్వాత మూరెడు. పట్నం నుంచి మిల్లు బండి వస్తే ఆ వరస మాత్రం అమ్మనన్నాడు. ధర పడిపోతోందని గుమాస్తా మొత్తుకున్నా వినలేదు. "ఆ సంచుల మీద నా మనుమరాలు నడుస్తున్నది, కనబడ్తలేదా?" అన్నాడు.

చూపించమన్న గడువుకు పట్నం తీసుకుపోయాం. బిడ్డ నా చిటికెన వేలు ఒక్కటే పట్టుకుని డాక్టరు బల్ల దాకా నడిచింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీ పేరేం పేరు తల్లీ?" అని అడిగాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నా కొంగు కిందికి లాగింది.

సంగతి చెప్పాను. ఆయన ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇంట్ల ఎవ్వరూ నోటితోని అడుగరా?" అన్నాడు.

"అవసరం పడలే సాబ్."

"అదే నేను చెప్పేది. గొంతుల లోపం కనబడ్తలేదు. అవసరం పడనియ్యండ్రి. ఆ దుకాణం బంద్ చెయ్యండ్రి."

తిరుగు దారంతా బస్సులో ఆమె చెయ్యి నా కొంగు వెతుకుతూనే ఉంది. నేను కొంగు నడుముకు దోపుకున్నాను.

దుకాణం బంద్ చేయడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పండగనాడు కూడా ఒక తలుపు తెరిచే ఉంచే ఇల్లు మాది. బిడ్డ నా చెయ్యి పట్టుకునేది, నేను వదిలించుకునేదాన్ని. "నోటితోని చెప్పు తల్లీ." ఆమె నోరు తెరిచేది. ఊపిరి తప్ప ఏమీ వచ్చేది కాదు. కళ్లలో నీళ్లు తిరిగేవి, మళ్లీ చెయ్యి చాపేది. నేను చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. జీవితంలో ఎన్నో బేరాల్లో గట్టిగా నిలబడ్డాను. ఆ చేతి ముందు నిలబడడంతో పోలిస్తే అవేవీ లెక్కలోకి రావు. ఒక మధ్యాహ్నం తలుపు చాటున అత్తమ్మ దొరికిపోయింది, శాలువా కింద మనవరాలి చెయ్యి పెట్టుకుని.

"డాక్టరు ఏమన్నడు అత్తమ్మా?"

"డాక్టరుకు ఏమెరుక? పిల్ల చెయ్యి చాపి అడుగుతుంటే రాయిలెక్క కూసుంటమా? ఒక్క బెల్లంముక్క గురించే ముచ్చట."

"ఎన్ని వేళ్లు?"

"మూడు," అంది అత్తమ్మ సిగ్గుపడుతూ. "రెండుకు దిగలే."

అంగడి రోజు వచ్చింది. ఆముదాల కాలం, దుకాణం ముందు బండ్లు. అరుగు మీద అమ్మేవాళ్లు వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. ఆదిభట్ల నుంచి వచ్చిన ఒక రైతు, పాత ఖాతాదారు, బాపు ఎదురుగా కూర్చున్నాడు. చేతుల మీద తువ్వాల పడింది. బిడ్డ పక్కనే తన సంచి గుంటలో ఉంది. నేను లోపలి గుమ్మంలో నిలబడి తమలపాకులు తుడుస్తున్నాను.

"వానలెట్లున్నయి పటేలా?" అంటున్నాడు బాపు.

"ఏం వానలు సావుకారీ, మబ్బు మీది మబ్బే," అంటూ రైతు ఆగాడు. కనుబొమలు ముడిచాడు. "సావుకారీ, నీకు మూడో చెయ్యి ఎక్కడిది?"

బిడ్డ ఎప్పుడు దూర్చిందో దూర్చింది. అన్నాళ్లుగా మేమందరం మూసేసిన దుకాణం అక్కడొకటి తెరిచి కనబడింది కదా. అరుగు మీద అందరూ నవ్వారు. బాపు ఆమెను తీసి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు గాని ఆమె చెయ్యి మాత్రం బయటికి తీయలేదు. ఎందుకు తీయలేదని తర్వాత అడిగితే, "గిరాకి ముంగట పిల్లను ఏడిపిస్తమా" అన్నాడు. బేరం సాగింది. ఎడ్ల గురించి మాట్లాడుకున్నారు. రైతు ఐదు అడిగాడట, బాపు మూడన్నాడట, చివరికి బాపు నాలుగు వేళ్లు పట్టుకున్నాడట.

"నా... లు... గు."

మూలుగులా ఉంది, ముక్కలు ముక్కలుగా ఉంది, కాని అరుగు చివర కూర్చున్నవాడికి కూడా వినబడింది. తువ్వాల కింది ధర ఇబ్రహీంపట్నం బజార్లో ఎవరూ పైకి అని ఎరగరు. అన్నవాడిని ఎవరూ మళ్లీ దగ్గర కూర్చోనివ్వరు.

నిజం చెబుతాను. ముందు నాకు ఆముదాలే గుర్తొచ్చాయి. అయిపోయింది, ఇవాళ అందరూ నాలుగే అడుగుతారు, బాపు మునిగాడు అనుకున్నాను. తమలపాకు ఒకటి తుడిచి పక్కన పెట్టాను కూడా. ఆ తర్వాత, ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసింది.

"ఏమన్నది పిల్ల?" అన్నాడు అరుగు మీద ఒకడు, వినబడక కాదు.

బాపు తువ్వాల తీసి అవతల పడేశాడు. నాలుగు వేళ్లు పట్టుకున్న చెయ్యిని అట్లాగే పైకెత్తి అందరికీ చూపించాడు. "నాలుగే! నా మనుమరాలు చెప్పింది. పొద్దుగూకేదాంక గదే ధర, ఎవలకైనా!"

అత్తమ్మ పిండి చేతులతో ఉరికి వచ్చింది. "ఏదీ, మళ్లొక్కపారి అను తల్లీ, నేను వినలే!"

బిడ్డ ఆమెను చూసింది. పుట్నాల డబ్బా వైపు చూసింది. చెయ్యి చాపింది.

"ఊకెనే అంటదా?" అన్నాడు బాపు, కళ్లు తుడుచుకుంటూ. "ఎవలి మనుమరాలు?"

మాటలు ఆ రోజుతో వరదలా రాలేదు. ఒకటొకటిగా, సాగదీసినట్టు, ఒక్కో అక్షరం మోసుకొచ్చి దించినట్టు వచ్చాయి. అమ్మ అన్న మాట బెల్లం తర్వాత వచ్చింది. నేను బాధపడలేదు, మా ఇంటి పిల్ల. నడక నిలదొక్కుకుంది గాని పరుగు రాలేదు. కుడిచేతి వణుకు పోలేదు. ముగ్గు వేస్తే గీత వంకర పోయేది, సూదిలో దారం ఎక్కించలేకపోయేది. మరుసటి ఏడు చూపించడానికి పోయినప్పుడు "నీ పన్నెండణాలు ముట్టినయా అమ్మా?" అని డాక్టరు అడిగాడు. "వసూలైతనే ఉన్నయి సాబ్," అన్నాను.

ఆమెకు పదేళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం పూట బాపు కునుకు తీస్తుంటే గద్దె మీద ఆమే కూర్చునేది. ఒకనాడు ఎక్కడి నుంచో కొత్త రైతు వచ్చాడు. పిల్లను చూసి నవ్వుకుంటూ తువ్వాల పరిచాడు. చేతులు కలిశాయి. కాసేపటికి నవ్వు పోయింది.

"ఏంది పాపా, మూడంటవా, ఐదంటవా? ఒక్కతీరుగ పట్టుకో."

ఆమె చెయ్యి తీసుకుంది. మొహం తిప్పలేదు. తువ్వాల మడిచి అతని ముందు పెట్టింది. "నోటితోని... చెప్త మామా."

"సరే, ఐదియ్యి మరి."

ఆమె నోరు తెరిచింది. మొదటి అక్షరానికి ఎప్పుడూ ఆమె నుదురు ముడుచుకునేది, పెదవులు బిగుసుకునేవి. "నా..." అంది, ఆగింది. ఎరగనివాడికి ఆ మొహం కోపంలా కనబడుతుంది. అతను కంగారుపడ్డాడు. "అంత కోపమెందుకు తల్లీ! మూడియ్యి, తూకం వేసుకో."

గుమ్మంలో ఉన్న నేను ఒక అడుగు ముందుకు వేశాను. మూడు! మాట మింగెయ్, తల్లీ. అరచెయ్యి నొక్కెయ్.

కాని ఒకసారి మొదలుపెట్టిన మాటను మధ్యలో వదలడం నా బిడ్డకు తెలియదు. ఎంత కష్టపడి మొదలుపెట్టిందో ఆమెకే తెలుసు.

"...లు... గు," అని పూర్తి చేసింది.

చాప మీద కళ్లు మూసుకుని పడుకున్న బాపు కడుపు కదలడం చూశాను. నవ్వుతున్నాడు. నేను నాలుక కరుచుకుని, తక్కెడ తేవడానికి లోపలికి పోయాను.